టికెట్టు మీది గంటలు వేరు, మన గంటలు వేరు!

మొన్నామధ్య మా పెద్ద తోటికోడలు దుబాయిలో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరింది. టికెట్టు మీద 15వ తేదీ, 00.40 అని ఉంది. "15న రాత్రి కదా, ఆ సాయంత్రం కరీంనగర్‌లో బయల్దేరితే సరి" అనుకున్నాం అందరం. 14న మధ్యాహ్నం తీరిగ్గా సకినాలు చుడుతున్నాం. మా చిన్నోడు టికెట్టు చూసి, "పెద్దమ్మా, విమానం ఇవాళ రాత్రికే!" అన్నాడు. మూకుడు దించేసి ఒకటే పరుగు!

సున్నా సున్నా నలభై అంటే 14న రాత్రి పన్నెండు దాటిన నలభై నిమిషాలకన్నమాట. మనకి తెల్లారితేనే తేదీ మారుతుంది. టికెట్టులో అర్ధరాత్రికే మారిపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక రెండో తికమక. శంషాబాద్ నుంచి దుబాయికి ఆకాశ మార్గంలో సుమారు 2,550 కిలోమీటర్లు. పోవడానికి దాదాపు 4 గంటలు పడుతుంది. కానీ టికెట్టులో ఉదయం 10కి ఎక్కితే 12.30కి దిగుతారని కనబడుతుంది. రెండున్నర గంటలేనా అని సంబరపడకండి. ఎక్కే టైము మనది, దిగే టైము వాళ్ళది. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అందుకని పోయేటప్పుడు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసెయ్యాలి. అక్కడ రాత్రి 10కి ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 3కి దిగితే, లెక్కకి 5 గంటలు. నిజానికి మూడున్నరే.

దూరం ఒకటే అయినా, పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకంటారా? అంత ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి. సైకిలు తొక్కినవాళ్ళకి వేరే చెప్పాలా?

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇంటి గడప నుంచి వెయ్యాలి. కరీంనగర్ నుంచి శంషాబాద్‌కి నాలుగైదు గంటలు. విమానానికి 3 గంటల ముందే చేరాలి. విమానంలో 4 గంటలు. దిగాక తనిఖీలు, సామాన్లు అయ్యేసరికి ఇంకో గంట. వెరసి 13 గంటలు! మా అక్కకి షుగరుంది. "నాలుగు గంటలేగా, అక్కడికెళ్ళే తింటా" అంది. వింటానా? దారిలో తినడానికి పుల్కాలు, విమానాశ్రయంలోకి రెండు బిస్కెట్ పొట్లాలు కట్టిచ్చాను. ఇన్సులిన్, మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టించాను. పెద్ద పెట్టెలో వేస్తే మధ్యలో అందవు, పైగా అక్కడి చలికి ఇన్సులిన్ పాడవ్వచ్చు. గంటలు మారతాయి కాబట్టి ఏ పూట ఎంత వేసుకోవాలో ముందే డాక్టరుని అడగండి.

ఇంకొక్క మాట. దుబాయి వెళ్ళేవాళ్ళ పెట్టెలో గసగసాలు పెట్టకండి. అక్కడ నిషేధం, పట్టుబడితే కేసవుతుంది. మసాలా పొడి కొట్టి పంపినా గసగసాలు లేకుండానే కొట్టండి.

అక్క క్షేమంగా చేరింది. సగం సకినాలు మూకుట్లోనే ఉండిపోయాయి. అవి మేమే తిన్నాం లెండి!