ఆకుపై చల్లు సూక్ష్మపోషకములు

బుగ్గారము పరిసర గ్రామములనుండి వచ్చు మన విద్యార్థులలో పెక్కుమంది కర్షకుల బిడ్డలు. పైరు పాలిపోయినచో ఇంట గలుగు కలవరము వారెఱిగినదే. తండ్రి దుకాణమునకు పోవును. దుకాణదారుడు రంగురంగుల సీసాలు మూడు నాలుగు చేతికిచ్చును. అన్నియు నొక్క డ్రమ్ములో కలిపి చల్లుదురు. పైరు పచ్చబడినచో ఏది పనిచేసెనో తెలియదు. పచ్చబడనిచో ఏది వ్యర్థమయ్యెనో తెలియదు. ఆకుపై పోషకములు చల్లుట మంచిదే. కాని లోపము నెఱుగక చల్లుట అప్పు పెంచుకొనుటయే యని మా యభిప్రాయము.

ఈ పద్ధతి నేడు పుట్టినది కాదు. 1840 దశకమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు యూసెబ్ గ్రీ పాలిపోయిన ఆకులకు ఇనుప లవణపు నీటిని పూసి, అవి మరల పచ్చబడుటను చూపెను. మన దేశమున వరికి వచ్చు ఖైరా తెగులునకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగరు శాస్త్రజ్ఞుడు వై. ఎల్. నేనే వెల్లడించెను.

నత్రజని, భాస్వరము, పొటాషులు ఎకరమునకు కిలోల కొలది కావలయును; ఆకు అంతటి భారమును గ్రహింపజాలదు. జింకు, ఇనుము, బోరానులు స్వల్పముగా చాలును గనుక ఆకు ద్వారా అందించుట కనుకూలము. నేలలో సున్నము హెచ్చైనను, భాస్వరపు ఎరువు ఏటేట మితిమీరి వేసినను, జింకు నేలలో నుండియు వేరునకు చిక్కదు. అట్టి యెడల పిచికారి పైరును ఆదుకొనును.

అయితే రోగ మెఱిగిన పిదపనే మందు. వరిలో ముదురాకులపై తుప్పు రంగు మచ్చలు పుట్టి, ఆకులు పెళుసై విఱుగుచున్నచో అది జింకు లోపము; లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున, ఐదు దినముల యెడముతో రెండు మూడు మారులు చల్లవలెను. దానిని పురుగుమందులతో కలుపరాదు. పసుపులో లేత ఆకులు ఈనెల నడుమ తెల్లబాఱినచో అది ఇనుప లోపము. దానికి అన్నభేదియు, కొంచెము నిమ్మఉప్పును కలిపిన నీరు తగినది. ముదురాకులన్నియు సమముగా పసుపుబాఱినచో అది సాధారణముగా నత్రజని కొఱత. దానికి జింకు సీసా పనికిరాదు.

పైరు ఎండుచుండగా పరీక్షలకు తీరిక యెక్కడిదని కొందఱందురు. వారి తొందర న్యాయమే. కనుకనే మన్ను పరీక్షను వేసవిలో, దుక్కికి ముందే చేయింపవలయును. 2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన భూసార పత్రముల పథకమున పండ్రెండు అంశములు చూపుదురు. అందు జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరానులు గలవు. జగిత్యాల సన్నాల నందించిన పొలాస పరిశోధనా స్థానము మనకు దాపుననే యున్నది.

ఇచట విద్యార్థుల పాత్ర గలదు. జింకు సల్ఫేటు రెండు రకములుగా దొరకును: ఒకదానిలో జింకు నూటికి 21 పాళ్లు, రెండవదానిలో 33 పాళ్లు. సంచిపై నున్న యీ యంకెను చదివి, ధరను భాగించి, ఏది చవుకయో చెప్పుట ఎనిమిదవ తరగతి బాలునకు, బాలికకు సాధ్యమైన లెక్కయే. ఏ మూలకము ఎంత గలదో వ్రాయని సీసాను కొనవలదని తండ్రితో చెప్పుటయు వారికి సాధ్యమే.

గింజ పాలుపోసుకొను వేళ చల్లిన జింకు గింజలోనికి చేరి, తిను వారికిని మేలు చేయును. ఇట్టి మేలు పొందుటకు పశువుల పెంట, పచ్చిరొట్ట యెరువులతో నేలను బలపఱచి, పిచికారిని దానికి తోడుగా మాత్రమే యుంచవలెను. రాబోవు వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు తన చేని మన్ను పిడికెడైనను పరీక్షకు పంపించునని ఆశించుచున్నాము.