కొరత ఉన్నంత మాత్రాన గొప్పదవుతుందా?



ఈ మధ్య మీర్‌పేట్‌లో గృహప్రవేశాలకు, పెళ్ళి విందులకు వెళ్ళినప్పుడు ఒక కొత్త మర్యాద చూస్తున్నాము. విదేశం నుండి వచ్చిన బంధువు ఎయిర్‌పోర్టులో కొన్న చుట్టల పెట్టె తెచ్చి, "ఇవి క్యూబావి, ఎక్కడా దొరకడం లేదు" అంటూ పెద్దలకు తలా ఒకటి ఇస్తాడు. సిగరెట్ ముట్టని మామయ్య కూడా దొరకనిది దొరికింది కదా అని వెలిగిస్తాడు. ఈ విషయమై మా అభిప్రాయం చెప్పదలచుకున్నాము.

దొరకడం లేదన్న మాట నిజమే. క్యూబాలో మేలురకం పొగాకు పండే పినార్ దెల్ రియో ప్రాంతాన్ని 2022 సెప్టెంబరులో ఇయాన్ తుఫాను దెబ్బతీసింది. ఆకు ఆరబెట్టే పాకలు వేల సంఖ్యలో కూలిపోయాయి. ఆకును ఆరబెట్టి, మాగబెట్టి, ఏళ్ళ తరబడి నిల్వ ఉంచాకే మేలురకం చుట్ట చుడతారు. కనుక ఒక పంట పోతే ఆ లోటు చాలా ఏళ్ళు వెంటాడుతుంది. మరోవైపు చైనాలో గిరాకీ పెరిగింది. 2022లోనే కోహిబా వంటి రకాల ధరలు బాగా పెంచారు. అయినా కొనేవారు తగ్గలేదు. ఆ చుట్టలు అమ్మే హబానోస్ సంస్థ అమ్మకాలు 2024లో 82 కోట్ల డాలర్లు దాటాయి. ధర పెరిగిన కొద్దీ దానికి గౌరవమూ పెరిగిందన్నమాట.

మరి మన చుట్ట సంగతి? గోదావరి లంక పొగాకు చుట్ట మన తాతలు కాల్చినదే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకుని అడ్డపొగ పీల్చేవారు. ఆ అలవాటుకు, అంగిలి క్యాన్సర్‌కు సంబంధం ఉందని పల్లెలు తిరిగిన పరిశోధకులు 1970లలోనే చూపించారు. ఆ అవ్వ చుట్టను చూసి ముఖం చిట్లించే మనమే, పెట్టెలో వచ్చిన చుట్టను రెండు చేతులతో అందుకుంటున్నాము.

"మేము పొగ మింగము, నోట్లో ఉంచి వదిలేస్తాము" అని కొందరంటారు. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. అందువల్ల మింగకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలో కలుస్తుంది. ఒక పెద్ద చుట్టలో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండవచ్చు. నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లు ఖరీదు చూసి రావు.

కొరత అంటే మాకు గుర్తొచ్చేది వేరొకటి. నోటి క్యాన్సర్ ముదిరినవారికి నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, నిబంధనలకు జంకి ఎన్నో ఆస్పత్రులు ఆ మాత్ర ఉంచడమే మానుకున్నాయి. 2014లో చట్టం సవరించినా, నేటికీ అది అవసరమైన వారందరికీ అందడం లేదు. ఆ కొరత గురించి విందులలో ఎవరూ మాట్లాడరు. రాత్రంతా నిద్రలేక మంచం పట్టె పట్టుకుని కూర్చునే మనిషికి, పక్కనున్న భార్యకు మాత్రమే అది తెలుసు.

కనుక మా విన్నపం ఇది. విదేశాల నుండి వచ్చే పిల్లలకు చుట్టలు తేవద్దని ముందే చెప్పండి. విందులో వద్దనడం మర్యాద తప్పడం కాదు. నోటిలో రెండు వారాలు దాటినా మానని పుండు గాని, తెల్లని లేక ఎర్రని మచ్చ గాని ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి. మానాలనుకునేవారు 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

దేహం దేవుని ఆలయమని ఆదివారం వింటాము. ఆలయంలో ఖరీదైన పొగ అయినా పొగే.

దేవుడు మీ కుటుంబాలను ఆరోగ్యంతో దీవించును గాక.