లైటు జరిపితే సరిపోయేదానికి పస్తులెందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మోడలింగ్ చేయాలని కోరిక. ఆరు నెలల క్రితం హైదరాబాదులో ఒక స్టూడియోలో ఫోటోలు తీయించుకుంది. అక్కడివాళ్ళు “మొహం వెడల్పు, కెమెరాలో ఇంకో అయిదు కిలోలు ఎక్కువ కనిపిస్తావు, రంగు కూడా కాస్త తేలాలి” అన్నారట. అప్పటినుంచి పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి గ్లాసుడు మజ్జిగ, అంతే. అడిగితే ఆకలి లేదంటుంది. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. అప్పుడు 51 కిలోలు ఉండేది, ఇప్పుడు 43. మూడు నెలలుగా బహిష్టు కాలేదు. లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటుంది. మెడికల్ షాపులో ఏదో క్రీము కొని మొహానికి రాస్తోంది. మొదట్లో తెల్లబడింది గాని, ఇప్పుడు ఎండలోకి వెడితే ఎర్రగా మండుతోంది. నేనేమైనా అంటే ఫోనులో దాచుకున్న మోడళ్ళ ఫోటోలు చూపించి “మరి వీళ్ళంతా ఎలా ఉన్నారు?” అంటుంది. ఏం చెప్పాలో తోచడం లేదు. కెమెరాలో లావుగా కనిపించడం నిజమేనా?
— ఒక తల్లి, తణుకు

జవాబు: కెమెరా సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ అమ్మాయిని ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.

కిలోలలో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. పెద్దవాళ్ళలో అది 18.5 కంటె తగ్గకూడదు. మనవాళ్ళకు 18.5 నుంచి 23 లోపు ఉంటే మంచిది. మీ అమ్మాయి ఎత్తు 1.60 మీటర్లు. 51 కిలోలు ఉన్నప్పుడు ఆ అంకె దాదాపు 20. అంటే ఆ రోజు ఆమె ఉండవలసినట్టే ఉంది, తగ్గవలసింది ఏమీ లేదు. ఇప్పుడు అది 16.8కి దిగింది. ఆమె ఎత్తుకు తక్కువలో తక్కువ 47 కిలోల పైచిలుకు ఉండాలి.

తిండి చాలనప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. గుండెకూ మెదడుకూ కావలసింది అట్టేపెట్టి, మిగతా ఖర్చులు ఒక్కొక్కటే తగ్గిస్తుంది. ముందుగా అండం విడుదల ఆగుతుంది, దాంతో బహిష్టు ఆగుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు పలచబడతాయి. ఎముకలు గట్టిపడే వయసు ఇదే. ఇప్పుడు కూడబెట్టుకోని బలం నలభై ఏళ్ళు దాటాక కూడబెట్టుకోవడం చాలా కష్టం. ఆ తర్వాత జుట్టు ఊడుతుంది, చలి ఎక్కువ వేస్తుంది, నాడి నెమ్మదిస్తుంది. రక్తహీనత కూడా తోడై ఉండవచ్చు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6 మంది. అంత రక్తం తక్కువ ఉన్న ఇళ్ళలో ఆడపిల్లలు పస్తులుండడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి.

డాక్టరు నాడి, రక్తపోటు, హీమోగ్లోబిన్, రక్తంలో పొటాషియం, థైరాయిడ్ చూస్తారు. ఇ.సి.జి. తీయించమనవచ్చు. బహిష్టు ఆగిన ఏ అమ్మాయికైనా గర్భ పరీక్ష చేయించడం వైద్యంలో మామూలు పద్ధతి, దానికి నొచ్చుకోకండి. స్పృహ తప్పినా, నాడి నిమిషానికి 50 కంటె తగ్గినా, పాదాలు వాచినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఒక్కసారిగా బలవంతంగా కడుపునిండా పెట్టకండి. చాలాకాలం పస్తున్న ఒంటికి హఠాత్తుగా ఎక్కువ తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై ప్రమాదం వస్తుంది. కొంచెం కొంచెంగా, రోజుకు అయిదారుసార్లు, డాక్టరు చెప్పిన మేరకు పెంచండి.

ఇక కెమెరా సంగతి. కెమెరా ఎవరి బరువునూ పెంచదు. కాకపోతే లైటు ఎక్కడ పెట్టారు, లెన్సు ఎంత దూరంలో ఉంది అన్నదాన్నిబట్టి ఒకే మొహం సన్నగానూ కనిపిస్తుంది, వెడల్పుగానూ కనిపిస్తుంది. ఇది ఫోటోగ్రాఫర్లందరికీ తెలిసిన విద్యే.

కెమెరా పక్కనే లైటు పెట్టి ఎదురుగా కొడితే నీడలు పడవు. నీడ లేకపోతే ముక్కూ చెంపా దవడా అన్నీ చదునుగా, మొహం పళ్ళెంలా కనిపిస్తుంది. అదే లైటును ఒక పక్కకు జరిపి కాస్త పైకెత్తండి. మొహాన్ని కొద్దిగా తిప్పి, కెమెరాకు అవతలి చెంప మీద వెలుగు, ఇవతలి చెంప మీద నీడ పడేలా చూడండి. మొహం కోలగా అయిపోతుంది. ఒంట్లో ఒక్క గ్రాము కూడా తగ్గలేదు! మరో పద్ధతి ఉంది. లైటును మొహానికి సరిగ్గా ఎదురుగా ఎత్తులో పెడితే ముక్కు కింద సీతాకోక చిలుక ఆకారంలో నీడ పడుతుంది. బుగ్గల కింద గుంట పడినట్టు కనిపిస్తుంది, గడ్డం కింది కండ నీడలో దాగిపోతుంది. 1930లలో హాలీవుడ్‌లో పారమౌంట్ స్టూడియోవారు మార్లీన్ డీట్రిచ్ వంటి తారలను ఇలాగే చూపించేవారు. అందుకే దీనికి పారమౌంట్ లైటింగ్ అని కూడా పేరు. ఈ రోజుకీ ఫ్యాషన్ ఫోటోలలో ఎముకలు తేలిన బుగ్గలు చాలావరకు ఈ నీడ సృష్టించినవే.

చర్మం నునుపుగా కనిపించడం కూడా అంతే. తెల్ల గుడ్డ కప్పిన పెద్ద సాఫ్ట్‌బాక్సు లైటు దగ్గరగా పెడితే వెలుగు అన్ని వైపులనుంచీ పరుచుకుని మొటిమల గుంటలలో నీడ నిలవదు. కింద ఒక థర్మకోల్ అట్ట పెడితే కళ్ళ కింది నలుపు కూడా పోతుంది. అదే మొహం మీద చిన్న బల్బు పక్కనుంచి వేస్తే ప్రతి గుంటా, ప్రతి వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. మీ ఇంట్లోనే చూడవచ్చు. పగలు కిటికీకి పలచని తెల్ల పంచె కట్టి దాని పక్కన అమ్మాయిని కూర్చోబెట్టి ఫోటో తీయండి. రాత్రి నెత్తిమీద ఒక్క బల్బు కింద మళ్ళీ తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడమనండి. ఆమె ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ఫోను కెమెరా చేసే మోసం మరొకటి. అడుగు దూరంనుంచి తీసుకునే సెల్ఫీలో, అయిదడుగుల దూరంనుంచి తీసిన ఫోటోలో కంటె ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కకట్టి ప్రచురించారు. మొహానికి దగ్గరగా ఉన్న లెన్సు ముందున్న భాగాన్ని పెద్దది చేస్తుంది. స్టూడియోలో దూరంగా నిలబడి పొడుగు లెన్సుతో తీసేది అందుకే.

రంగు సంగతి కూడా చెప్పాలి. ఒక్క మీట తిప్పి వెలుతురు పెంచితే ఎవరైనా తెల్లబడతారు. కలర్ ఫిలిం రోజుల్లో కొడాక్ కంపెనీ తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉన్న ‘షర్లీ కార్డు’ను కొలతగా పెట్టుకుని లాబొరేటరీలలో రంగులు సరిచూసుకునేవారు. నల్లని మొహాలు ఫోటోలో మసిబారినట్టు రావడానికి అదొక కారణం. లోపం కొలతలో ఉంది, చర్మంలో లేదు. చామనఛాయకు తగిన వెలుతురు ఇవ్వడం తెలిసిన ఫోటోగ్రాఫరు “రంగు తేలాలి” అనడు.

ఇక అలంకరణ. ఫోటోలో నడుముకు అతికినట్టున్న గౌనుకు వెనకవైపు వరసగా క్లిప్పులు, పిన్నీసులు ఉంటాయి. అవి కెమెరాకు కనిపించవు. బుగ్గల కింద ముదురు పొడి, ముక్కు మీద లేత పొడి రాసి నీడలను ముందే గీస్తారు. కెమెరాను నడుము ఎత్తుకు దించితే కాళ్ళు పొడుగవుతాయి. వందలకొద్దీ ఫోటోలు తీసి ఒకటి రెండు ఏరుకుంటారు. వాటినీ కంప్యూటరులో చెక్కుతారు. ఫ్రాన్సులో 2017 అక్టోబరునుంచి మోడలు ఒంటిని సన్నగానో లావుగానో దిద్దిన ప్రకటనల ఫోటోల మీద ఆ సంగతి అచ్చువేయాలని నిబంధన వచ్చింది. ఇజ్రాయెల్, నార్వే దేశాలు కూడా ఇటువంటి చట్టాలు చేశాయి. చట్టం చేయవలసి వచ్చిందంటే ఎంతమంది పిల్లలు ఆ బొమ్మలను నిజమనుకున్నారో ఊహించండి.

“మోడళ్ళు సన్నగానే ఉంటారు కదా” అని మీ అమ్మాయి అంటుంది. ఉంటారు, కొందరు ప్రాణం మీదికి తెచ్చుకునే ఉంటారు. 2006 ఆగస్టులో ఉరుగ్వేలో లూయిసెల్ రామోస్ అనే 22 ఏళ్ళ మోడలు ఫ్యాషన్ ప్రదర్శన జరుగుతుండగానే గుండె ఆగి మరణించింది. అదే సంవత్సరం నవంబరులో బ్రెజిల్‌లో అనా కరోలినా రెస్టన్ అనే 21 ఏళ్ళ అమ్మాయి అనొరెక్సియా వ్యాధితో చనిపోయింది. తిండి తినడమంటేనే భయం పట్టుకుని, ఎంత చిక్కినా ఇంకా లావుగానే ఉన్నాననిపించే జబ్బు అది. ఆ సెప్టెంబరులోనే మాడ్రిడ్ ఫ్యాషన్ ప్రదర్శనలో బి.ఎం.ఐ. 18 కంటె తక్కువున్న మోడళ్ళను వద్దన్నారు. మీ అమ్మాయి అంకె 16.8. ఆ వేదిక మీద ఆమెను నిలబడనివ్వరు.

ఆ క్రీము ట్యూబును పారేయకుండా చర్మవైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. మీరు రాసిన గుర్తులనుబట్టి అందులో స్టెరాయిడ్ ఉండవచ్చు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అనే పేర్లు ఉన్నాయేమో చూడండి. వీటితో మొదటి వారాల్లో మొహం తెల్లబడుతుంది. ఆ తర్వాత చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలూ నూగూ వస్తాయి. మానగానే మంట పెరుగుతుంది, దాంతో భయపడి మళ్ళీ అదే రాస్తారు. ఎలా మానాలో వైద్యుడే చెప్పాలి. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న జాబితాలో చేర్చింది. పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములలో పాదరసం ఉండే ప్రమాదం కూడా ఉంది. కేరళలోని కోట్టక్కల్‌లో వైద్యులు 2021–23 మధ్య ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చినవారిని పరిశీలిస్తే, చాలామంది అటువంటి క్రీములు వాడినవాళ్ళేనని తేలింది.

ఇంట్లో ఆమె ఎదుట ఎవరి ఒళ్ళు గురించీ, రంగు గురించీ మాట్లాడకండి. “చిక్కి అందంగా ఉన్నావు” అని చుట్టాలు మెచ్చుకుంటే అడ్డుపడండి. కంచం దగ్గర కూర్చుని పోట్లాడకండి, పక్కన కూర్చుని మీరూ తినండి. తిండి భయం వదలకపోతే మానసిక వైద్యుని సలహా తీసుకోవాలి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. టెలి మానస్ ఉచిత ఫోను నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మోడలింగ్ మానమని మాత్రం అనకండి. ఒళ్ళు కోలుకున్నాక, లైట్లు పెట్టడం తెలిసిన మరో ఫోటోగ్రాఫరు దగ్గరకు మీరూ వెంట వెళ్ళండి. మొహం వెడల్పన్నవాడు లైటు జరపాలి, అమ్మాయి కాదు పస్తుండవలసింది.

ప్రశ్న: నెలాఖరులో నా పెళ్ళి. ఫోటోలవాళ్ళు గంటలకొద్దీ ఫ్లాష్ కొడతారు. దాంతో మొహం నల్లబడుతుందా? కళ్ళు పాడవుతాయా? మేకప్పుకు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక సోదరి, ఖమ్మం

జవాబు: ఫ్లాష్ వెలుగు సెకనులో కొన్ని వందలవ వంతు మాత్రమే ఉంటుంది. దానితో చర్మం నల్లబడదు. కళ్ళ ముందు కాసేపు మచ్చ కదిలినట్టుంటే అదే పోతుంది. మూర్ఛ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ముందే డాక్టరునడిగి, ఫోటోగ్రాఫరుకు చెప్పాలి. వీడియో కోసం వేసే హాలోజన్ లైట్లు వేడెక్కుతాయి. చెమటా మేకప్పూ కలిసి రంధ్రాలు మూసుకుని మొటిమలు వస్తాయి. లైట్లను దూరం పెట్టమని, మధ్యలో విరామం ఇమ్మని అడగండి. నీళ్ళు తాగుతూ ఉండండి.

కొత్త క్రీమును పెళ్ళిరోజున మొదటిసారి రాయవద్దు. వారం ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. కాటుక, లిప్‌స్టిక్, బ్రష్షులు మీవే వాడండి. ఒకరివి ఒకరు వాడితే కళ్ళకలక, పెదవుల పొక్కులు అంటుకుంటాయి. ఎంత అలసిపోయినా మేకప్పు కడగకుండా పడుకోకండి. ముహూర్తం రోజున ఖాళీ కడుపుతో పీటల మీద కూర్చుని కళ్ళు తిరిగే పెళ్ళికూతుళ్ళు చాలామంది. మీ ఇంటి ఆచారం ఒప్పుకున్నంతలో పాలో పండో తీసుకోండి.