జెట్ ఒక్కటీ మారిస్తే సరిపోదు

అమెరికాలో అయోవా, మిన్నెసోటా లాంటి మొక్కజొన్న రాష్ట్రాల బంకుల్లో ఇ85, అంటే ఇథనాల్ ఎక్కువగా, మిగతాది పెట్రోలుగా ఉండే ఇంధనం దొరుకుతుంది. కార్బురేటర్‌తో నడిచే పాత వి8 కార్లను పోటీలకు సిద్ధం చేసుకునేవాళ్లు దానిమీద మనసు పడటానికి గట్టి కారణమే ఉంది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ. పైగా ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండింతలకు మించి వేడిని లాగేస్తుంది. సిలిండర్‌లోకి వెళ్లే గాలి చల్లబడి ఇంజిన్ నాకింగ్ తగ్గుతుంది. ఖరీదైన రేసింగ్ పెట్రోలు కొనకుండానే కంప్రెషన్ పెంచుకోవచ్చు. మైలేజీ బాగా పడిపోతుంది గానీ, పోటీకి దిగేవాడు దాన్ని లెక్కచేయడు.

చిక్కంతా కార్బురేటర్‌తోనే. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇ85కి 9.8 కిలోలు చాలు. అంటే అదే గాలికి తూకంలో ఒకటిన్నర రెట్ల ఇంధనం అందాలి. ఫ్లెక్స్ ఫ్యుయెల్ కార్లో ఈ లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. ఇక్కడ మెకానిక్ చేత్తో కుదర్చాలి. చాలామంది ఇంధనాన్ని కొలిచి వదిలే మెయిన్ జెట్లు పెద్దవి వేసి పనైపోయిందనుకుంటారు. బండి వేగంలో బాగానే పోతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. ఐడిల్ సర్క్యూట్, ఎయిర్ బ్లీడ్లు, యాక్సిలరేటర్ పంపు, ఫ్లోట్ నీడిల్ సీటు, చివరికి ఫ్యుయెల్ పంపు కూడా ఆ కొత్త కొలతకు రావాలి.

అంతా కుదిరాక మరో తంటా. అక్కడ ఇ85 పేరుతో అమ్మేదాంట్లో ఇథనాల్ కాలాన్ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా ఉండవచ్చు. చలికాలంలో బండి స్టార్ట్ కావడానికి పెట్రోలు పాలు పెంచుతారు. వేసవిలో చేసిన ట్యూనింగ్ అప్పుడు రిచ్ అయిపోతుంది, అంటే గాలికి మించి ఇంధనం పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు గీతలున్న గాజు గొట్టంలో ఇంధనం, నీళ్లు కలిపి కుదుపుతారు. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది, నీటి మట్టం ఎంత పెరిగిందో చూసి శాతం కడతారు. ఇంత తేలికైన పరీక్షను వదిలేసి ఇంజిన్‌ను పణంగా పెట్టడం నాకు మింగుడుపడదు.

ఇంజిన్ని ఇథనాల్‌కి కుదర్చే పనిని బ్రెజిల్ పద్ధతిగా చేసింది. 1979లో అక్కడ పూర్తిగా ఇథనాల్‌తో నడిచే ఫియట్ 147 మార్కెట్లోకి వచ్చింది. ఆ తరం ఇథనాల్ కార్లలో చలికి స్టార్ట్ చేయడానికి చిన్న పెట్రోలు ట్యాంకు విడిగా ఉండేది. ఇంజిన్ని ఇంధనానికి తగ్గట్టు కట్టాకే కారును జనానికి అమ్మారు.

మన దగ్గర ఆ క్రమం తిరగబడింది. బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలు వచ్చేసింది, ఆర్‌ఎక్స్ 100లు, పాత మారుతి 800లు అవే జెట్లతో, అవే రబ్బరు పైపులతో తిరుగుతున్నాయి. ఇ20కి కావాల్సిన గాలి దాదాపు 13.5 వంతులే కాబట్టి ఆ ఇంజిన్లు గాలి పాలు ఎక్కువై కొంత లీన్‌గా, కొంత వేడిగా నడుస్తాయి. ఇ85కి చేసినంత మార్పు వీటికి అక్కర్లేదు. ఒక సైజు పెద్ద జెట్, ఇథనాల్‌కి తట్టుకునే పైపులు, గాస్కెట్లు చాలావరకు సరిపోతాయి. ఆ బండ్లు తయారుచేసిన కంపెనీలు ఏ మోడల్‌కి ఏ జెట్ వేయాలో ప్రకటించి, ఆ సామాను కిట్లుగా ఊరి మెకానిక్ దాకా చేర్చాలి. బంకులో ఇంధనం మార్చిన ప్రభుత్వమే వాటిచేత ఆ పని చేయించాలి.