పిల్లి గాటును ఉపేక్షింపరాదు: గుండ్లపోచంపల్లి పౌరులకు విన్నపము



మన రైల్వే స్టేషను మొదలు అపారెల్ పార్కు వఱకు, పాత ఊరి సందులనుండి నిన్నమొన్న లేచిన అపార్టుమెంట్ల సెల్లార్ల వఱకు, దిక్కులేని పిల్లులు మన నడుమనే బ్రతుకుచున్నవి. వీథికుక్క కఱచినచో ఆసుపత్రికి పరుగిడు మనము, పిల్లి రక్కినప్పుడు మాత్రము గాయమునకు పసుపద్ది యూరకుందుము. ఈ యుపేక్ష ప్రాణాంతకము కావచ్చును.

మనదేశమున రేబిస్ మరణములకు ప్రధానకారణము కుక్కకాటే యన్నది నిజము. అయినను ఆ వ్యాధి సోకిన పిల్లి కఱచినను, లాలాజలమంటిన గోళ్లతో రక్కినను, అదే విషక్రిమి మన దేహమున ప్రవేశింపగలదు, లక్షణములు పొడసూపిన పిమ్మట ఆ రోగినుండి మృత్యువును తప్పించుట దాదాపు అసాధ్యము. కావున గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పాఱు నీట 15 నిమిషములు కడిగి, కారము, సున్నము, ఆకుపసరు ఏదియు పూయక, ఆనాడే వైద్యుని దర్శించి, ఆయన చెప్పిన దినములలో టీకా మోతాదులన్నియు పూర్తిచేసికొనవలయును. ఇందుకై కూలిపని విడిచి నారాయణగూడ నివారణవైద్యసంస్థయగు ఐపీఎమ్‌కో, నల్లకుంట ఫీవరాసుపత్రికో పోవలసిన యవసరము మనవారికి కలుగరాదు. సమీప ప్రాథమిక ఆరోగ్యకేంద్రముననే టీకా నిత్యము లభింపవలెను.

గర్భవతులకు వేఱొక జాగ్రత్త కలదు. టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి పిల్లి మలముద్వారా వెలువడి, ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట సోకు శక్తిని పొంది, మట్టిలో నెలల తరబడి నిలిచి, గర్భస్థశిశువునకు హాని చేయగలదు. పిల్లిని తాకినంతనే భయపడ నక్కఱలేదు. సరిగా ఉడకని మాంసమువలనను ఇది సంక్రమించును. పిల్లలాడు ఇసుకను కప్పియుంచుట, తోటపని పిదప చేతులు కడుగుకొనుట చాలవఱకు రక్షణ నిచ్చును.

పిల్లులను చంపుటయు, గోనెలో కట్టి పొరుగూర విడుచుటయు క్రౌర్యమే కాక నిష్ఫలము. 5, 6 నెలల ప్రాయముననే చూలు దాల్చి, దాదాపు 9 వారములకు ఈను జాతి యగుటచే, ఖాళీయైన తావును వేఱు పిల్లులు త్వరలోనే నింపును. చికెన్ సెంటర్ల వ్యర్థములు వీథిలో పడియున్నంతకాలము వానికి ఆహారమునకు కొఱతయు లేదు. పురపాలకులు ఆ వ్యర్థములను ప్రతిదినము తొలగింపించి, పిల్లులను పట్టి సంతాననిరోధక శస్త్రచికిత్సయు, రేబిస్ టీకాయు చేయించి, తిరిగి ఆ తావుననే విడువవలయును. వానికి అన్నము పెట్టు దయాళువులు పట్టుటయందు తోడ్పడవలెను.

ఈ కోరికలతో సమర్పింపనున్న అర్జీపై ఇంటికొకరు తప్పక సంతకము చేయుడని ప్రార్థించుచున్నాము.