పదవి దిగాక ఏం చేస్తాం?

"పెద్దయ్యాక ఏమవుతావు" అంటే మనమంతా కలెక్టరు, డాక్టరు అని రాశాం. రిటైరయ్యాక ఏం చేస్తామో ఒక్కరమూ రాయలేదు.

అడ్మిరల్ రాందాస్ గారు 1990 నుండి 1993 దాకా మన నౌకాదళానికి అధిపతి. 1992లో ఆడపిల్లల్ని ఆఫీసర్లుగా తీసుకున్నది ఆయన కాలంలోనే. అది గొప్పే. నాకు నచ్చింది మాత్రం తర్వాతి జీవితం. అలీబాగ్ దగ్గర పల్లెలో వ్యవసాయం చేశారు. 1971 యుద్ధంలో పోరాడిన మనిషే పాకిస్తాన్‌తో స్నేహం కావాలన్నారు. 2004లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ జిల్లాలో సెజ్ కోసం భూములు తీసుకోబోతే రైతుల పక్క నిలబడ్డారు.

ఇక్కడ నేను ఆగిపోయాను. మా నాన్న వేలిముద్ర మనిషి. భూమి కాయితం పట్టుకుని ఆఫీసుకి పోతే గుమ్మం బయటే నిలబెడతారు. పక్కన ఒక రిటైరైన ఆఫీసరు ఉంటే కుర్చీ వేస్తారు కదా!

"పింఛను తీసుకుని విశ్రాంతిగా ఉంటే తప్పా?" అని మా గదిలో అక్క అడిగింది. తప్పని అనను. కానీ వాళ్ళకి చట్టం తెలుసు, ఇంగ్లీషు తెలుసు. అదంతా ఇంట్లో దాచుకుంటే ఎవరికి లాభం?

ఆయన 2024 మార్చి 15న హైదరాబాదులోనే పోయారు, 90 ఏళ్ళ వయసులో.

వార్డెన్ మేడం గారూ, ఈసారి హైదరాబాదు నుండి రిటైరైన పెద్దలెవరైనా వస్తే ప్రసంగం వద్దనండి. మాకు అర్జీ రాయడం నేర్పమనండి.