కుక్కపిల్లకీ పెళ్ళిచూపులే!

మా చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు ఏ సందులోనో వీధికుక్క ఈనిందనుకోండి. ఎవరో ఓ పుణ్యాత్ములు పిల్లల ఫోటోలు తీసి "ఎవరైనా పెంచుకుంటారా?" అని వాట్సాప్‌లో పెడతారు. ఇక ప్రశ్నలు మొదలు. "మగదా, ఆడదా?" "తెల్లది ఉందా?" "ల్యాబ్ క్రాస్ ఏమైనానా?" అచ్చం పెళ్ళిచూపులే! రంగు, వంశం, పైగా మగపిల్లాడే కావాలి. ఆ పిల్ల బెదురుగా ఉంటుందా, చిన్నపిల్లలతో ఎలా ఉంటుంది అని మాత్రం ఎవరూ అడగరు. చివరికి తెల్లటి మగపిల్లలు ఇళ్ళకి, నల్లటి ఆడపిల్లలు మళ్ళీ రోడ్డు మీదకి.

ఆడకుక్క ఎందుకొద్దండీ అంటే "పిల్లల్ని పెడుతుంది, ఎవరు చూస్తారు" అంటారు. ఒక్కసారి ఆపరేషన్ చేయిస్తే తీరిపోయే గొడవ అది. నారాయణగూడలోనే ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, ముందు అక్కడ అడిగి చూడొచ్చు. మనం వద్దన్నంత మాత్రాన అది పిల్లల్ని పెట్టడం మానేస్తుందా? ఏడాది తిరిగేలోపే మన గేటు బయటే ఈనుతుంది. అదే నారాయణగూడలో ఐపీఎం అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది కుక్కకాటు టీకాలే. ఈ రెండిటికీ సంబంధం లేదనుకుంటే మన లాజిక్‌లో ఎక్కడో బగ్ ఉన్నట్టే.

ఇక జాతి పిచ్చి. 2003లో హచ్ ప్రకటనలో పిల్లాడి వెనకాల తిరిగిన పగ్ గుర్తుందా? ఆ తర్వాత దేశమంతా పగ్ కావాలన్నవాళ్ళే. చప్పిడి ముక్కు వల్ల ఎండల్లో దానికి ఊపిరాడదని ప్రకటనలో చెప్పరు కదా. మే నెలలో హైదరాబాదులో హస్కీని పెంచడమూ అలాంటిదే.

మనమే కాదు, అమెరికావాళ్ళూ అంతే. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, అక్కడ జంతు శరణాలయాల నుంచి పెంపుడు జంతువుల్ని తీసుకెళ్ళినవాళ్ళని ఎందుకు దీన్నే ఎంచుకున్నారని అడిగితే, ముఖ్య కారణాల్లో ఒకటి రూపం. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, పెంచుకోవాలని వచ్చినవాళ్ళు కుక్కతో గడిపింది సగటున ఎనిమిది నిమిషాలు. అందులో ఫలితాన్ని తేల్చినవి రెండే: అది దగ్గరకొచ్చి పడుకుందా, ఆడదామంటే పట్టించుకుందా. ఫ్లోరిడాలో ఒక శరణాలయం బోను మీద కార్డులో జాతి పేరు తీసేస్తే, కుక్కల్ని తీసుకెళ్ళేవాళ్ళు పెరిగారని 2016లో రాశారు. రెజ్యూమెలో కాలేజీ పేరు చూసి పక్కన పడేసే ఇంటర్వ్యూల సంగతి మనకి తెలియందా :)

నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది కుక్కని కాదు, మనల్ని. అద్దె ఇల్లయితే ఓనరు గారు ఒప్పుకున్నారా? ఇద్దరూ ఆఫీసుకెళ్తే పగలంతా దాని గతేంటి? లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి రోజుకి రెండుసార్లు ఎవరు దింపుతారు? ప్రాజెక్టు మీద ఆన్‌సైట్ వెళ్తే ఎవరికి అప్పజెబుతారు? అశోక్‌నగర్ హాస్టళ్ళలో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళు మెస్సు అన్నం పెట్టి సాకే కుక్కలున్నాయి. ఊరు మారాల్సినవాళ్ళకి అది చాలు, అంతకంటే పెద్ద మాట ఇవ్వక్కర్లేదు.

ఇంకోమాట. పిల్లే కావాలని పట్టుబట్టకండి. రెండు నెలల పిల్ల పెద్దయ్యాక ఎలాంటిదవుతుందో ఎవరూ చెప్పలేరు. మూడేళ్ళ కుక్క గుణం ఏమిటో ఆ వీధి మొత్తానికి తెలుసు, అడిగితే చెప్తారు.

"పదేళ్ళు ఇంట్లో తిరిగేదాన్ని ముచ్చటపడి తెచ్చుకోకూడదా?" అంటారేమో. తెచ్చుకోండి, తప్పేం లేదు. కానీ ముచ్చట ఒక్కటే చూసి తెచ్చుకున్నవి, ఆ ముచ్చట తీరాక ఎక్కడ తేలుతున్నాయో మనకి తెలుసు. ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా నడిచిన కుక్క ఏ జాతిదని ఇంద్రుడు కూడా అడగలేదు. ఈసారి ఎవరైనా పిల్లల ఫోటోలు పెడితే, ఆ మూలనున్న నల్ల ఆడపిల్ల గురించి ముందు అడిగి చూడండి. ఏమంటారు?